నాగార్జునుడి రసాయనం

చిరంజీవి మనవరాలికి,



నీ ఉత్తరం అందింది. ఎమ్మెస్సీ అయ్యాక వార్ధక్యం మీద పరిశోధన చేయాలని ఉందనీ, పుట్టినవాళ్లు గిట్టక తప్పనప్పుడు దానికి అడ్డుపడటం మనిషి పనేనా అని హాస్టల్లో వాదన జరిగిందనీ రాశావు. జీవితమంతా వైద్యం చేసినవాణ్ని కాబట్టి ముందు నా మాట తేల్చి చెప్పేస్తాను. ముసలితనాన్ని వెనక్కి నెట్టడం తప్పకుండా చేయదగ్గ పని. చావే లేకుండా చేయాలన్న ఆశను మాత్రం ఆ పనిలోకి రానీయకు.

‘ప్రకృతి సహజం’ అన్న మాటకు జడవకు. మశూచి సహజమే. పురిట్లో తల్లి పోవడమూ సహజమే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు 70కి చేరింది. సహజమని చేతులు ముడుచుకోనివాళ్ల వల్లే ఆ ఏళ్లు మనకు దక్కాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లానికి విరుగుడు మందులు తయారు చేయించారు. వాటితోనే 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు వైద్యం మొదలుపెట్టాడు. ఆ పిల్లల్ని వాళ్ల రాతకు వదిలేయాల్సిందని మీ హాస్టల్లో ఎవరైనా అంటారా? ఎనభై ఏళ్ల మనిషి పడే బాధ కూడా బాధే.

ఒక్కో జబ్బుకూ మందు కనిపెడితే చాలదా, వార్ధక్యాన్నే ఎందుకు పట్టుకోవాలి అని కూడా అడుగుతారు. దీనికి జవాబు చాలా పాతది. 1825లో బెంజమిన్ గాంపర్ట్జ్ అనే లండన్ బీమా లెక్కల నిపుణుడు మరణాల పట్టికలు చూసి, పెద్దవాళ్లలో చావు ముప్పు ఏటేటా ఒకే నిష్పత్తిలో పెరుగుతోందని గమనించాడు. అది సుమారు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుందని నేటి లెక్క. అందుకే క్యాన్సర్‌ను పూర్తిగా తుడిచేసినా సగటు ఆయుర్దాయం మహా అయితే మూడేళ్లు పెరుగుతుందని ధనిక దేశాల అంచనాలు చెబుతాయి. క్యాన్సర్ నుంచి తప్పించుకున్న మనిషిని గుండెజబ్బో, పక్షవాతమో, మతిమరుపో అందుకుంటుంది. వీటన్నిటికీ వేరు వయసులోనే ఉంది.

ఆ వేరు కదులుతుందని తెలిసి ముప్ఫై ఏళ్లు దాటింది. 1993లో సింథియా కెన్యన్ బృందం మిల్లీమీటరు పొడవుండే ఒక నేలపురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువు మారితే ఆయుష్షు రెట్టింపవుతుందని చూపింది. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన సురేన్ సెహగల్ కెనడాలో రాపమైసిన్ అనే మందును వేరు చేశారు. దాన్ని 600 రోజుల వయసున్న ఎలుకలకు, అంటే మన లెక్కన అరవై ఏళ్లవాటికి, పెట్టడం మొదలుపెట్టినా వాటి ఆయుష్షు పెరిగిందని 2009లో తేలింది. కానీ మూత్రపిండం మార్చినవాళ్లలో రోగనిరోధక శక్తిని అణచడానికి వాడేదీ ఆ మందే. మనుషుల ఆయుష్షును అది పెంచుతుందని ఇంకా ఎవరూ నిరూపించలేదు. యవ్వనం అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. నువ్వు చెప్పాలి.

చావు లేకపోవడం సంగతికి వస్తాను. మన మామూలు కణాలు యాభైసార్లకు అటూఇటూగా విభజన చెంది ఆగిపోతాయని 1961లో లియోనార్డ్ హేఫ్లిక్ చూపించాడు. ఆగనివీ ఉన్నాయి. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె కణితి నుంచి తీసిన కణాలు ఈనాటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. ఆమె ప్రాణం తీసిన జబ్బు కణాలే అవి. ఎక్కడ ఆగాలో తెలిసిన కణాల వల్లే మన ఒళ్లు ఇన్నేళ్లు నిలబడుతోంది.

సమాజం విషయంలో కూడా ఈ ‘ఆగడం’ గురించి ఆలోచించాలి. పదకొండో శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో చిరాయువు అనే రాజు, ఆయనకు నాగార్జునుడనే మంత్రి ఉంటారు. మంత్రి దయాళువు, రసాయన విద్యలో దిట్ట. తనకూ రాజుకూ ముసలితనం రాకుండా చేశాడు. వందల ఏళ్లు గడిచాయి. రాజు కొడుకులు ఒకరి తర్వాత ఒకరు యువరాజులై, సింహాసనం ఎక్కకుండానే కన్నుమూశారు. చివరికి ఒక యువరాజు తల్లి మాట మీద, భోజనవేళ అడిగినవాళ్లకు అడిగింది ఇచ్చే నాగార్జునుడి దగ్గరికి వెళ్లి తల దానం అడిగాడు. ఆయన కాదనకుండా మెడ చాచాడు. రాజు రాజ్యం వదిలి అడవికి వెళ్లిపోయాడు.

ఈ కథ విని చాలామంది మందునే తప్పుపడతారు. నాకు అందులో రెండు తప్పులు కనిపిస్తాయి. మందు ఇద్దరికే చేరింది, రాజు కన్నబిడ్డలకు సైతం అందలేదు. ఆ ఇద్దరూ తమ చోటు వదల్లేదు. నూటయాభై ఏళ్లు బతికే మనిషి పొలం పట్టా, పార్టీ టికెట్టు, ప్రొఫెసర్ కుర్చీ అన్నేళ్లూ పట్టుకుని కూర్చుంటే, వెనకాల పుట్టినవాళ్లు ఆ యువరాజుల్లాగే ఎదురుచూస్తూ ముసలివాళ్లవుతారు. ఆయుష్షు పెంచే విద్య నేర్చేవాళ్లు తప్పుకోవడం ఎలాగన్నది కూడా సమాజంతో కలిసి నేర్వాలి.

నా దగ్గరికి వచ్చిన ముసలివాళ్లలో వెయ్యేళ్లు బతికించమన్నవాళ్లు లేరు. కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి బాబూ, మంచాన పడి పిల్లల చేత చేయించుకునే గతి పట్టకూడదు అనేవారు. వాళ్లు అడిగినదాన్నే నీ లక్ష్యంగా పెట్టుకో. ఆయుష్షు ఎన్నేళ్లు పెరిగిందని మాత్రమే లెక్కేయకు, మంచం మీద గడిచే ఏళ్లు ఎన్ని తగ్గాయో చూడు. షుగరుకు ఏ మందుల షాపులోనైనా దొరికే మెట్‌ఫార్మిన్ వార్ధక్యాన్ని నెమ్మదింపజేస్తుందేమోనని పరిశోధకులు ఆలోచిస్తున్నారు. అలాంటి చవక మందుల మీద ముందు దృష్టి పెట్టు. కూలి పనికి వెళ్లే మనిషి కొనలేని మందు నాగార్జునుడి రసాయనమే అవుతుంది. మన దేశంలో 45 ఏళ్లు దాటిన డెబ్బైరెండు వేల మందికి పైగా జనంతో 2017–18లో చేసిన వార్ధక్య సర్వే నివేదిక చదువు. పురుగుల దగ్గరికి, ఎలుకల దగ్గరికి వెళ్లేముందు మన ముసలివాళ్లు ఎలా బతుకుతున్నారో నీకు తెలియాలి.

నా మట్టుకు నాకు చావంటే భయం లేదనను. కానీ నా వంతు అయ్యాక లేచి నీలాంటి వాళ్లకు చోటివ్వడం ఓటమని ఏనాడూ అనిపించలేదు. ఉన్నన్నాళ్లు నా పనులు నేను చేసుకుంటూ, మనుషుల్ని గుర్తుపడుతూ ఉండాలని కోరుకుంటాను. ఆ కోరిక తీర్చే శాస్త్రం ధర్మమైన శాస్త్రమే. నిస్సంకోచంగా అందులో చేరు. పరిశోధనకు పెట్టే దరఖాస్తులో నీ ఉద్దేశం రాసేచోట, చావే లేకుండా చేయడం నీ పని కాదన్న హద్దు కూడా స్పష్టంగా రాయి. పంపేముందు ఒకసారి నాకు చూపించు.

ఇట్లు,
నీ తాతయ్య