పదేళ్ల అనుభవం ఉన్నా మళ్లీ చదవాలా?

ప్రశ్న: డెంటల్ హైజీనిస్ట్ డిప్లొమా చేసి పదేళ్లకు పైగా క్లినిక్‌లో స్కేలింగ్ చేస్తున్నాను. మా డాక్టరుగారు నన్నూ సీడీఈ (దంతవైద్యంలో నిరంతర విద్య) కార్యక్రమాలకు వెళ్లమంటున్నారు. ఆదివారం పోతుంది, ఫీజు నేనే కట్టుకోవాలి. రోజూ చేసే పనే కదా, కొత్తగా నేర్చుకునేది ఏముంటుందండీ?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: పని అదేనమ్మా, దాని వెనకున్న శాస్త్రమే మారుతోంది. మీరు చదివే రోజుల్లో పెరియోడాంటైటిస్ అంటే క్రానిక్, అగ్రెసివ్ అని ప్రధానంగా రెండు రకాలు. 2018లో వెలువడిన కొత్త వర్గీకరణ ఆ విభజనను తీసేసింది. ఇప్పుడు ఎముక ఎంత కరిగిందో చూసి స్టేజి, జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో చూసి గ్రేడు నిర్ణయిస్తారు. మధుమేహం ఉండి హెచ్‌బీఏ1సీ 7 శాతం, ఆపైన ఉన్నా, రోజుకు 10 సిగరెట్లు, ఆపైన తాగుతున్నా గ్రేడు పెరిగి ‘సి’కి చేరుతుంది. అంటే కుర్చీలో కూర్చున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నలే మారాయన్నమాట. మందుల సంగతీ అంతే. గుండె వాల్వు మార్చిన వారికి పెన్సిలిన్ పడకపోతే, క్లీనింగుకు ముందు క్లిండమైసిన్ ఇచ్చేవారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో ఆ మందు వద్దంది. రాసేది డాక్టరుగారే, కానీ ‘నాకు వాల్వు మార్చారమ్మా’ అన్న మాట ముందుగా మీ చెవినే పడవచ్చు. ఇవేవీ అనుభవం దానంతటది నేర్పదు. అనుభవంతో చేయి తిరుగుతుంది, పాత అలవాటూ అంతే గట్టిగా పాతుకుపోతుంది.

‘అక్కడ సంతకం పెట్టి, భోంచేసి, సర్టిఫికెట్ పట్టుకొస్తారు, అంతే’ అనేవారూ ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. వైద్యరంగంలో ఇలాంటి శిక్షణ సభలను పరిశీలించిన 2009 నాటి కాక్రేన్ సమీక్షలో, పనితీరులో కనిపించిన మెరుగుదల 6 శాతం దగ్గరే ఆగింది. ఉపన్యాసానికి చర్చ, సాధన తోడైన చోట ఫలితం కాస్త మెరుగు. కాబట్టి మానేయడం కాదు, ఏరుకోవడం నేర్చుకోవాలి. క్యూరెట్ సానపట్టడం చేతిలో పెట్టి నేర్పే తరగతినే తీసుకోండి. మొద్దుబారిన క్యూరెట్ ప్లాస్టిక్ టెస్ట్ స్టిక్ మీద పట్టు దొరక్క జారిపోతుంది. అదే పంటి వేరు మీదైతే గారను ఊడదీయకుండా పైపైన నున్నగా రుద్ది వదిలేస్తుంది. చూపుకు శుభ్రంగానే ఉంటుంది, లోపల చిగురు వాపు మాత్రం తగ్గదు. ఇది ఒక్కటి సరిదిద్దుకున్నా మీ ఆదివారం వృథా కాదు.

ఇక ఫీజు. ఇక్కడ మీ బాధ న్యాయమైనదే. మన దేశంలో డెంటిస్టుల కోసం డెంటల్ కౌన్సిల్ 2007లోనే సీడీఈ నిబంధనలు తెచ్చింది. కాలిఫోర్నియాలోనైతే లైసెన్సు నిలుపుకోవడానికి హైజీనిస్టు కూడా రెండేళ్లకు 25 గంటల చదువు చూపాలి. అంటే ఈ చదువు వృత్తిలో భాగమే, మీ సొంత సరదా కాదు. పైగా మీరు నేర్చుకున్న దానివల్ల మేలు పొందేది క్లినిక్, దాని పేషంట్లూ. వెళ్లమన్నది డాక్టరుగారే గనుక ఫీజు క్లినిక్ పెట్టుకోవాలని, ఆదివారానికి బదులు మరో రోజు సెలవు ఇవ్వాలని మొహమాటపడకుండా అడగండి. పేరు నమోదు చేసుకునే ముందు నిర్వాహకులనూ ఒక మాట అడగండి: అక్కడ వినడమేనా, చేతికి పనిముట్టు ఇస్తారా అని.