పేరు పాదం, పని చేతులది

నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ నాది. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఫ్యాన్ రొద మొదలు. మిగతా ప్రోగ్రాములైనా తేలిగ్గా ఉండాలని ఒక్కోటీ మార్చుకుంటూ వచ్చి చివరికి టెర్మినల్ దగ్గర పడ్డాను. పని మొదలెట్టాకగానీ తెలియలేదు, నన్ను ఇన్నాళ్లూ విసిగించింది ర్యామ్ కాదని. ఎర్రర్ మెసేజ్‌లో ఒక్క ముక్క కాపీ చేసుకోవాలన్నా చెయ్యి కీబోర్డు వదిలి మౌస్ వెతుక్కోవాలి. రోజుకు వందసార్లు!

ఈ రెండు బాధలకూ కలిపి దొరికిన మందు ఫుట్ అనే లినక్స్ టెర్మినల్. పేరుకు అర్థం పాదమే, పనంతా చేతులది. డేనియల్ ఎక్లోఫ్ అనే ప్రోగ్రామర్ సీ భాషలో రాశాడు. తెర మీద అక్షరాలు గీయడానికి ఇది గ్రాఫిక్స్ కార్డు జోలికి పోదు. ప్రాసెసర్‌తోనే, అదీ మారిన గళ్లను మాత్రమే, మళ్లీ గీసుకుంటుంది. ట్యాబులు లేవు, మెనూలు లేవు, సెట్టింగుల కిటికీ అసలే లేదు. ఇవేవీ లేకుండా ఎలాగని దిగులు పడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, తప్పేం లేదు.

కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు చూసుకోవాల్సింది మీ సిస్టమ్‌లో తెర మీద కిటికీలను చూపిస్తున్నది వేలాండా, పాత ఎక్స్11ఆ అన్నది. ఫుట్ వేలాండ్‌లో మాత్రమే పనిచేస్తుంది. లాగిన్ అయ్యే తెరలో పళ్లచక్రం గుర్తు ఉంటే, సెషన్ ఏదో అక్కడ ఎంచుకోవచ్చు. తర్వాత ఇన్‌స్టాల్ చేయడం ఒక్క లైను పని: డెబియన్, ఉబుంటు వాళ్లకు సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫుట్, ఫెడోరా వాళ్లకు ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్. ఆర్చ్ వాళ్లకు నేను చెప్పేదేముంది, ఈపాటికి వేసేసుకుని ఉంటారు. స్వే అనే విండో మేనేజర్ వాడేవాళ్లకైతే డిఫాల్ట్ టెర్మినల్ ఇదే. విండోస్ గుర్తున్న కీతో ఎంటర్ నొక్కితే తెరుచుకుంటుంది.

తెరవగానే అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. డిఫాల్ట్ సైజు 8 మరి. కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కుతూ పోతే పెరుగుతాయి, కంట్రోల్ సున్నా నొక్కితే మొదటికొస్తాయి. ఇది ఆ కిటికీ వరకే. ఎప్పటికీ ఉండాలంటే సెట్టింగుల ఫైలు కావాలి. ఆ సంగతికి వస్తాను, ముందు వేళ్లకు పని చెప్పనివ్వండి.

కంట్రోల్ షిఫ్ట్ ఆర్ నొక్కండి. వెతుకులాట మొదలవుతుంది. పైకి జరిగిపోయిన అవుట్‌పుట్‌లో ఎక్కడో ఒక ఫైలు పేరు ఉందనుకుందాం. దాని మొదటి రెండు మూడు అక్షరాలు కొడితే ఫుట్ దాన్ని పట్టుకుంటుంది. అది మీకు కావాల్సింది కాకపోతే కంట్రోల్ ఆర్ మళ్లీ నొక్కండి, ఇంకా పైనున్న దానికి పోతుంది. దొరికాక కంట్రోల్ డబ్ల్యూ నొక్కితే ఆ ఎంపిక మాట చివరిదాకా సాగుతుంది. మళ్లీ నొక్కితే పక్క మాటను కూడా కలుపుకుంటుంది. ఎంటర్ కొడితే కాపీ అయినట్టే. ఇక షిఫ్ట్ ఇన్‌సర్ట్ నొక్కితే కర్సర్ దగ్గర వచ్చి పడుతుంది. చదవడానికి చాంతాడంత ఉంది గానీ, మూడు రోజులు చేస్తే వేళ్లే నేర్చుకుంటాయి. ఈ ఒక్కదాని కోసమే నేను ఫుట్‌కు మారానన్నా అబద్ధం కాదు.

రెండోది కంట్రోల్ షిఫ్ట్ ఓ. తెర మీదున్న ప్రతి వెబ్ లింకు పక్కనా ఒకటి రెండు అక్షరాల చీటీ అంటుకుంటుంది. ఆ అక్షరాలు కొడితే లింకు బ్రౌజర్లో తెరుచుకుంటుంది. తెరవడం కాకుండా కాపీ కావాలంటే అందుకు వేరే ఆదేశముంది. దానికి కీ మాత్రం మనమే కేటాయించాలి.

కేటాయించే చోటు ఫుట్.ఐఎన్ఐ ఫైలు. నమూనా ప్రతి సిస్టమ్‌లోనే, ఈటీసీ కింద ఎక్స్‌డీజీ, అందులో ఫుట్ ఫోల్డర్లో ఉంటుంది. దాన్ని మీ హోమ్ ఫోల్డర్లోని .కాన్ఫిగ్ లోపల ఫుట్ అనే ఫోల్డరు చేసి అందులోకి కాపీ చేసుకోండి. తెరిచి చూస్తే ప్రతి సెట్టింగూ దాని డిఫాల్ట్ విలువతో సహా ఉంటుంది, కాకపోతే లైను ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తీసేసి విలువ మార్చడమే పని. నేను మార్చినవి మూడంటే మూడు. ఫాంట్ సైజు 8 నుంచి 12కు. స్క్రోల్‌బ్యాక్ విభాగంలో లైన్స్ 1000 నుంచి 5000కు. కీ-బైండింగ్స్ విభాగంలో షో-యూఆర్ఎల్స్-కాపీ ఎదుట కంట్రోల్+షిఫ్ట్+వై. రంగుల జోలికి పోలేదు. రంగులు మార్చుకుంటూ కూర్చున్న ఆదివారాలు వెనక్కి రావు. సేవ్ చేశాక ఫుట్ రాసి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి చెక్-కాన్ఫిగ్ అని కొట్టండి, తప్పులుంటే ఏ లైనులోనో చెబుతుంది.

ర్యామ్ పిసినారులకు అసలు రుచి సర్వర్ మోడ్‌లో ఉంది. మామూలుగా ప్రతి కిటికీ ఒక్కో ప్రాసెస్. సర్వర్‌గా నడిపితే ఒకే ప్రాసెస్ కిటికీలన్నింటినీ మోస్తుంది, ఫాంట్లను ఒకసారి లోడ్ చేసి అందరికీ పంచుతుంది. స్వే సెట్టింగుల్లో ఎగ్జెక్ అని రాసి ఆ పక్కన ఫుట్ రెండు అడ్డగీతల సర్వర్ అని ఒక లైను చేర్చండి. టెర్మినల్ పేరున్న చోట ఫుట్ తీసేసి ఫుట్‌క్లయింట్ అని పెట్టండి. కొత్త కిటికీ కీ మీద వేలు తీసేలోపే వచ్చేస్తుంది.

ఇక్కడ నేను ఓ పూటంతా పోగొట్టుకున్నాను. ఫాంట్ సైజు మార్చి సేవ్ చేస్తాను, కొత్త కిటికీ తెరుస్తాను, పాత సైజే. మళ్లీ మారుస్తాను, మళ్లీ అదే. తప్పు ఫైలు దిద్దుతున్నానేమోనని ఫోల్డర్లన్నీ గాలించాను. సంగతేమిటంటే, సర్వర్ ఆ ఫైలును మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతుంది. మార్పు కనపడాలంటే సర్వర్‌ను ఆపి మళ్లీ నడపాలి, ఆపితే దాని కిటికీలన్నీ ఒక్కసారిగా మూతపడతాయి. అందుకే ముచ్చటలన్నీ తీరేదాకా మామూలు ఫుట్‌తో ఉండి, ఆ తర్వాతే సర్వర్‌కు మారడం మేలు.

ఎస్ఎస్‌హెచ్‌తో వేరే మెషీన్లోకి వెళ్లినప్పుడు ఇంకో చిక్కు. ఫుట్ తన రకం పేరు ఫుట్ అనే చెప్పుకుంటుంది. అటువైపున్నది పాత సిస్టమ్ అయితే ఆ పేరు ఎప్పుడూ విని ఉండదు, తెలియని టెర్మినల్ అంటుంది. క్లియర్ కమాండ్ కూడా పలకదు. డెబియన్ సర్వర్ అయితే అక్కడ ఫుట్-టెర్మ్‌ఇన్ఫో ప్యాకేజీ వేస్తే సరి. మనకు ఆ అధికారం లేని చోట ఫుట్.ఐఎన్ఐలో టెర్మ్ విలువను ఎక్స్‌టెర్మ్-256కలర్ చేసుకుంటే సర్దుకుంటుంది.

ఇక తెలుగు. కంట్రోల్ షిఫ్ట్ యూ నొక్కి సున్నా, సీ, ఒకటి, అయిదు కొట్టి ఎంటర్ ఇస్తే ‘క’ పడుతుంది. సరదాకు బాగుంటుంది, ఉత్తరం రాయడానికి కాదు. టెర్మినల్ తెర ఎంత ఆధునికమైనా దాని వెనక 1978 నాటి వీటీ100 గళ్ల పలకే ఉంది: అడ్డంగా 80, నిలువుగా 24, గడికో అక్షరం. ‘ఐ’కీ ‘ఎమ్’కీ సమానంగా చోటిచ్చే ఆ పద్ధతిలో మన గుణింతాలూ ఒత్తులూ ఇరుకున పడతాయి, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. తెలుగు పేర్లున్న ఫైళ్లను జాబితాలో గుర్తుపట్టేంతవరకు ఫుట్ చాలు. లోపలిది చదవాలంటే నేను మామూలు టెక్స్ట్ ఎడిటరే తెరుస్తాను, అక్కడ స్క్రోల్ చేయడానికి మౌస్ కూడా పట్టుకుంటాను.