వాన లెక్కతో మొదలుపెట్టండి

ప్రశ్న: హైదరాబాద్ సుల్తాన్ బజార్ దగ్గరి బడిలో లెక్కలు చెబుతాను. ఎకో క్లబ్ బాధ్యత నాకిచ్చి, తోటి టీచర్లకు సుస్థిరాభివృద్ధి మీద శిక్షణ ఇమ్మంటున్నారు. సైన్సు మనిషిని కాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: లెక్కల టీచర్ కావడమే మంచిదైందమ్మా. ప్రొజెక్టర్ పెట్టి ఉపన్యాసం మాత్రం వద్దు. అలాంటివి మనవాళ్లు టీ తాగుతూ విని, గేటు దాటేలోపే మర్చిపోతారు. ముందు టీచర్లనే విద్యార్థుల్ని చేయండి. డాబా మీదికి తీసుకెళ్లి టేపుతో కొలిపించండి. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. ఆ నీళ్లు ఏ గొట్టంలోంచి దిగి ఎటు పోతున్నాయో వాళ్లనే వెతకమనండి. ఇంకుడు గుంతలోకా, డ్రైనేజీలోకా? వాదన అక్కడే మొదలవుతుంది. మీరు మధ్యలో దూరకండి.

తర్వాత మూసీ నది, మీకు నడక దూరమే. 1908 సెప్టెంబరు వరదలో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ దెబ్బతోనే ఇంజినీరు విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఇది సోషల్ టీచర్‌కు అప్పగించండి. తెలుగు టీచర్‌ను ఆ వరద గురించి ఎవరేం రాశారో వెతకడానికి 1901 నాటి గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి పంపండి, అదీ మీ సుల్తాన్ బజార్‌లోనే ఉంది.

పర్యావరణ పాఠం తప్పనిసరని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పుస్తకాల్లోకి వచ్చింది కానీ, టీచర్ల చేతుల్లోకి అంతగా రాలేదని నా అభిప్రాయం.

ఒక్కరోజుతో వదలకండి. నెల తర్వాత మళ్లీ కూర్చోబెట్టి, ఎవరి క్లాసులో ఏం జరిగిందో చెప్పించండి. చేయనివాళ్లను నిలదీయకుండా, చేసినవాళ్ల క్లాసులో ఓ పీరియడ్ కూర్చోమనండి.