రొమ్ములో గడ్డ – ఏ పరీక్ష దేనికి?

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. "నొప్పి లేదు కదా, అదే పోతుందిలే" అని చాలామంది ఊరుకుంటారు. ఇంట్లో చెప్పడానికి సిగ్గు. డాక్టరుకు చూపించడానికి ఇంకా సిగ్గు. చెనిక్కాయ పనులు అయ్యాక చూద్దాం అనుకుంటారు. నెలలు గడిచిపోతాయి.

కాన్సరు గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. అదే దాని మోసం.

అయితే గడ్డలన్నీ కాన్సరు కావు. ఎక్కువ గడ్డలు మామూలువే. గడ్డ ఉందని చేయి చెబుతుంది. అది ఎలాంటి గడ్డో పరీక్ష చెప్పాలి.

బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులూ ఉన్నాయి. ఎక్కడైనా సరే, ముందు డాక్టరు చూస్తారు. తరువాత వయసునుబట్టి, గడ్డనుబట్టి పరీక్ష రాస్తారు.

మామోగ్రాము

ఇది రొమ్ముకు తీసే ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య అదిమి ఫోటో తీస్తారు. కొన్ని క్షణాలు నొప్పిగా ఉంటుంది. చేతికి తగలని చిన్న గడ్డను కూడా ఇది చూపగలదు. రవ్వ నలుసుల్లాంటి తెల్లని చుక్కలనూ చూపుతుంది. ఒక్కోసారి కాన్సరుకు అవే మొదటి గుర్తు.

నలభై దాటినవారికి ఇది బాగా పనికొస్తుంది. చిన్న వయసు వారి రొమ్ము లోపల చిక్కగా ఉంటుంది. ఫోటోలో అది తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. తెల్లని మబ్బులో తెల్లకొంగ కనబడుతుందా? అలాగే గడ్డ దాగిపోతుంది.

స్కానింగు

గర్భిణీలకు చేసే స్కానింగు అందరికీ తెలుసు. ఇదీ అలాంటిదే. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు. బావిలోకి కేక వేస్తే తిరిగి వినబడుతుంది కదా! అలాగే చెవికి వినబడని శబ్దం లోపలికి పోయి తిరిగి వస్తుంది. దానితో బొమ్మ తయారవుతుంది.

గడ్డలో నీరుందా, గట్టిగా ఉందా అనేది ఇది చెబుతుంది. ఉత్త నీటి తిత్తి అయితే సాధారణంగా భయం లేదు. చిన్న వయసు వారికి, గర్భిణీలకు ముందు ఇదే చేస్తారు. కాని సన్నని తెల్లచుక్కలను ఇది సరిగా పట్టలేదు. అందుకే కొందరికి రెండు పరీక్షలూ రాస్తారు.

ఎం.ఆర్.ఐ.

ఇందులో పెద్ద అయస్కాంతం ఉంటుంది. సొరంగంలాంటి యంత్రంలో బోర్లా పడుకోవాలి. చేతికి మందు ఎక్కిస్తారు. గాజులు, మెట్టెలు, తాళి తీసి పక్కన పెట్టాలి. పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకోవచ్చు.

చాలా చిన్న గడ్డలను కూడా ఇది పడుతుంది. కాని మామూలు గడ్డను సైతం అనుమానంగా చూపవచ్చు. ఖర్చు ఎక్కువ. తల్లికో, అక్కచెల్లెళ్ళకో చిన్న వయసులో ఈ జబ్బు వచ్చి ఉంటే డాక్టరు దీన్ని రాయవచ్చు. అందరికీ అక్కరలేదు.

సూది పరీక్ష

"ఖరీదైన పరీక్షే మంచిదా?" అని సంఘంలో అక్కలు అడుగుతారు. కాదు. ఎవరికి ఏది తగునో అదే మంచిది. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. కాన్సరు అవునా కాదా అని తేల్చేది ఇదే. సూది గుచ్చితే జబ్బు పాకుతుందనే మాట నిజం కాదు.

చేయి కూడా సాయమే

1998లో ముంబైలో టాటా ఆసుపత్రివారు ఒక పని మొదలుపెట్టారు. సుమారు లక్షా యాభై వేల మంది స్త్రీలు అందులో ఉన్నారు. సగం మందిని ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించారు. అలా నాలుగుసార్లు చేశారు. 2021లో ఫలితం ప్రకటించారు. పరీక్ష చేసినవారిలో జబ్బు ముదరకముందే బయటపడింది. 50 ఏళ్ళు దాటినవారిలో దీనివల్ల చావులు సుమారు 30 శాతం తగ్గాయి.

మన దేశంలో 2016లో ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఐదేళ్ళకోసారి ఈ చేతి పరీక్ష చేయాలి. ఏ.ఎన్.ఎం.ను అడగండి. ఆశా కార్యకర్తను అడగండి. అడగడానికి సిగ్గు వద్దు.

గడ్డ తగిలినా, చనుమొనలోంచి రక్తం వచ్చినా, చర్మం సొట్టపడినా ఐదేళ్ళు ఆగవద్దు. ఆ వారమే చూపించుకోండి.

చెప్పండి

1. మామోగ్రాములో చిన్న వయసు వారి గడ్డ ఎందుకు దాగిపోతుంది?
2. నీటి తిత్తిని ఏ పరీక్ష గుర్తిస్తుంది?
3. కాన్సరు అవునో కాదో తేల్చే పరీక్ష ఏది?
4. మీ ఊరి ఏ.ఎన్.ఎం. ఏ రోజు వస్తారు? రాయండి.