ఎం.ఏ. ఎకనామిక్స్ నుంచి ఎంబీబీఎస్‌కు దారుందా?

ప్రశ్న: ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ఇంటర్ సీఈసీ. వయసు 23. ఇప్పుడు డాక్టర్ కావచ్చా?
– ఓ పాఠకురాలు, తార్నాక

జవాబు: కావచ్చమ్మా. నీట్ యూజీకి గరిష్ఠ వయోపరిమితి లేదు. అమెరికాలోనైతే ఏ డిగ్రీ చేసినా, కావలసిన సైన్సు కోర్సులు పూర్తిచేసి మెడిసిన్‌కు వెళ్లొచ్చు. మన దగ్గర మీ పీజీకి విలువ లేదు, చూసేది ఇంటర్ సబ్జెక్టులే. ఇంటర్ పాసైనవాళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీని గుర్తింపు ఉన్న బోర్డు నుంచి అదనపు సబ్జెక్టులుగా రాసుకోవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది నీట్ బులెటిన్ ఒకసారి చూసుకోండి.

నీట్ 720 మార్కుల్లో 360 బయాలజీవే. బోటనీ, జువాలజీ పాఠాలు వరుస తప్పకుండా చదివితే సీఈసీ వాళ్లకూ పట్టుబడతాయి. ఏడిపించేది ఫిజిక్సే, లెక్కల దగ్గర. కోచింగ్‌కు డబ్బు కట్టేముందు పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్‌లో నాలుగు పాఠాలు సొంతంగా చేసి చూడండి.

సీటు వచ్చాక నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అదనపు సబ్జెక్టులకు, నీట్ తయారీకి పట్టే సమయం కూడా కలిపితే చేతికి పట్టా వచ్చేసరికి ముప్పై దాటొచ్చు. ఇంట్లో ఈ లెక్క ముందే చెప్పండి. ఎం.ఏ. మాత్రం మధ్యలో వదలొద్దు.