నా డిస్కు నీ బీరువాలో

ఏం చెల్లీ, వంటపని అయిందా? కాసేపు అట్లా మంచమ్మీద కూర్చో. ఈరోజు ఇంట్లో కంప్యూటర్ సంగతి మాట్లాడుకుందాం. "అదంతా మా ఆయన చూసుకుంటాడక్కా" అని తప్పించుకోవద్దు. పిల్లల పుట్టువెంట్రుకల ఫొటోలు, పోయిన నాయన గొంతు, రాత్రిళ్ళు కూర్చుని నువ్వు టైపు చేసిన ట్యూషన్ పేపర్లు, అన్నీ దాంట్లోనే ఉన్నాయి కదా.

పోయిన ఆషాఢంలో ప్రొద్దుటూరు నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. ఏడుపు గొంతు.

"అక్కా, కంప్యూటర్లో టక్కుటక్కుమని సప్పుడొస్తాంది. మళ్ళీ మళ్ళీ ఆన్ చేస్తాండా, లేయడంల్యా."

"ముందు ఆపేయమ్మే. ఇంకొక్కసారి కూడా ఆన్ చేయొద్దు" అన్నాను.

ఎందుకన్నానంటే, హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు ఉంటాయి. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతాయి. వాటి మీద రాసేదీ చదివేదీ ఒక చిన్న ముక్క. అది పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎడంలో తేలుతుంటుంది. ఆ సప్పుడు వినబడిందంటే చాలాసార్లు ఆ ముక్కే పాడై తడుముకుంటోందని అర్థం. ఆన్ చేసిన ప్రతిసారీ పళ్ళెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. గీత పడిన చోట ఉన్న ఫొటోను ఇక ఎవరూ తేలేరు.

"పెన్‌డ్రైవ్‌లో అన్నీ ఎక్కించుకున్నాలే అక్కా" అని ధైర్యం తెచ్చుకుంది. పక్కింటి వాళ్ళ కంప్యూటర్లో పెట్టి చూస్తే ఒక్కటీ తెరుచుకోలేదు. బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది చూడు, ఆ షార్ట్‌కట్లను మాత్రమే ఎక్కించుకుంది పిచ్చిది. షార్ట్‌కట్టంటే ఇంటి అడ్రసు రాసిన చీటీ. ఇల్లే లేకుండా పోయాక చీటీ పట్టుకుని ఎవరి తలుపు తడతాం? నీ పెన్‌డ్రైవ్ కూడా ఇప్పుడే లేచి చూసుకో. ఫొటోలు ఉండాల్సిన చోట ఒక్కొక్కటీ ఒకటి రెండు కేబీలే ఉంటే అవి ఉత్త చీటీలే.

నాకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. ఆ ఏడు వానల్లేక ఆకాశం చూస్తూ కూర్చున్న జిల్లా మాది, కర్నూలు. రెండు మూడు రోజుల్లో అంతా తలకిందులైంది. తుంగభద్ర పొంగి మంత్రాలయం మఠం మునిగింది. కర్నూలు మీదికి ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ వచ్చాయి. కింద శ్రీశైలానికి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు చేరాయి. పాతబస్తీలో ఎన్నో ఇళ్ళు మేడ దాకా మునిగాయి. మేం పిల్లలను చంకనేసుకుని మిద్దె ఎక్కినాం. ప్రాణాలు దక్కినాయి, అంతే చాలనుకున్నాం.

నీళ్ళు తీసినాక కిందికి దిగితే ఇంటినిండా మోకాలి లోతు బురద. కంప్యూటర్ డబ్బా బల్ల కింద ఉండేది. అందులోని ఫొటోలన్నీ సీడీల్లో కూడా దాచినాను. ఆ సీడీలు బీరువా కింది అరలో. కాగితం ఆల్బములు ఇనుప పెట్టెలో, మంచం కింద. మూడు చోట్ల దాచినానని మురిసిపోయినాను కానీ, మూడూ ఒకే ఇంట్లో, ఒకే నీళ్ళలో ఉన్నాయి.

ఆ పైన ఇంకో తప్పు చేసినాం. డబ్బాను రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, ఆరిందనుకుని స్విచ్చి వేసినాం. హార్డ్ డిస్కుకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. ముంపులో దాంట్లోంచి బురదనీళ్ళు లోపలికి పోతాయి. ఎండితే మట్టి పళ్ళేలకు అంటుకుంటుంది, తిప్పితే గీసుకుపోతుంది. మునిగిన డిస్కును ఆన్ చేయకూడదు, ఎండబెట్టకూడదు, బియ్యంలో పెట్టకూడదు. తడి తడిగానే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, డేటా రికవరీ చేసే పనివాళ్ళ దగ్గరికి తీసుకుపోవాలి. ఈ మాట ఆరోజు నాకు చెప్పేవాళ్ళు లేరు. అందుకే నీకు చెప్తున్నా.

అయినా కొన్ని ఫొటోలు తిరిగి వచ్చినాయి. పెద్దమ్మాయి మొదటి పుట్టినరోజు సీడీ ఒకటి కడపలో మా మేనత్తకు ఇచ్చి ఉంటిమి. టీవీ స్టాండు కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. ఆమె దాన్ని బస్సులో మనిషి చేత పంపింది. పాప నోటినిండా కేకు పూసుకున్న ఆ ఫొటో కంప్యూటర్ తెర మీద కనబడగానే నేను ఎంతసేపు ఏడ్చినానో. ఇంకో ఊర్లో లేని నకలును నేను నకలుగా లెక్కపెట్టను.

ఆ ఊరు భద్రమని కూడా అనుకోవద్దు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు ఎట్లా కొట్టుకుపోయినాయో చూసినాం. ఏ ఒక్క చోటూ ఎప్పటికీ భద్రం కాదు. అందుకే రెండు చోట్లు కావాలి.

ఆ రాజంపేట దగ్గరిదే తాళ్ళపాక. అన్నమయ్య సంకీర్తనలను ఆయన వంశంవాళ్ళు రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో సంకీర్తన భాండాగారంలో దాచినారు. ఎంత ముందుచూపు! తాటాకుకు చెద పడుతుంది, రాగి నిలుస్తుంది. నిలిచింది కూడా. కానీ అక్కడ ఉన్నాయన్న సంగతే జనం మరిచిపోయినారు. మళ్ళీ వెలుగు చూసింది 1922లో. 32 వేలని చెప్పుకునే వాటిలో సగం కూడా మనకు దక్కలేదు. కాబట్టి నకలు ఎక్కడుందో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. కొత్త విండోస్ ల్యాప్‌టాపుల్లో చాలావాటికి బిట్‌లాకర్ తాళం దానంతటదే పడుతుంది. రిపేరు చేసేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. దాన్ని ఇప్పుడే కాగితం మీద రాసి, పొలం పాసుపుస్తకంతో పాటు పెట్టు.

1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర సంగతీ నాకు గుర్తుకొస్తుంటుంది. తర్వాత అక్కడే బంగళా తీసుకుని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తెలుగు తాళపత్రాలకు నకళ్ళు రాయించినాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి పోల్చి చూపించేవాడు, ఏ ప్రతిలో ఏ పద్యం తప్పిపోయిందో అని. కడప ఎర్రముక్కపల్లెలో ఆయన పేరుమీద ఉన్న గ్రంథాలయానికి పిల్లలను ఒకసారి తీసుకుపో.

ఆ పోల్చి చూడటమే మనం చేయం చెల్లీ. డోన్ దగ్గర పల్లెలో మా అత్త విత్తనాల బుడ్డలు (మీ కడప వైపు శెనిక్కాయలంటారు) వేరే మూట కట్టి దాచేది. ఇంట్లో తిండికి ఎంత కటకటైనా ఆ మూట విప్పేది కాదు. వానాకాలం దగ్గరపడితే మాత్రం విప్పి, వంద గింజలు లెక్కబెట్టి తడి గోనెపట్టలో చుట్టి పెట్టేది. నాలుగైదు రోజులకు విప్పి ఎన్ని మొలిచినాయో చూసేది. డెబ్బైకి తగ్గితే ఆ విత్తనం చేలోకి పోదు. వాన పడినాక మొలవలేదని తెలిస్తే ఆ ఏడు పోయినట్టే కదా.

హార్డ్ డిస్కు నకలును కూడా అట్లాగే మొలకెత్తించి చూడాలి. దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి ఒక పెళ్ళి ఫొటో, ఒక వీడియో, ఒక లెక్కల ఫైలు తెరిచి చూడు. పాత అను ఫాంట్లలో టైపు చేసినవి ఉంటే వాటినీ తెరువు. ఆ ఫాంటు దాచుకోకపోతే ఫైలు వచ్చినా అక్షరాలు పిచ్చిగీతలే. కంప్యూటర్ మొత్తాన్ని, అంటే విండోసు, ట్యాలీ, సెట్టింగులతో సహా ఉన్నదున్నట్టు తేవాలంటే సిస్టమ్ ఇమేజ్ తీయాలి. దాంతోపాటు కంప్యూటర్ లేవకపోయినా లేపడానికి ఒక పెన్‌డ్రైవ్‌ను రికవరీ డ్రైవ్‌గా చేసి పెట్టుకోవాలి. ఇది ఆర్నెల్లకోసారి చాలు. ఫొటోలు, కాగితాల నకలు మాత్రం నెలనెలా తీయాలి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అని ఉంది, డిస్కు తగిలిస్తే మారినవాటిని అదే ఎక్కించుకుంటుంది. మొదటిసారి గంటలు పడుతుంది. మన ఊర్ల కరెంటు సంగతి తెలుసుగా, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

పని అయిపోగానే డిస్కు వైరు పీకేయి. 2017 మేలో వాన్నాక్రై అనే పాడు ప్రోగ్రాం లోకమంతా పాకి ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ సోకింది. అట్లాంటిది వస్తే తగిలించి ఉన్న డిస్కునూ వదలదు.

"గూగుల్లో ఉన్నాయి కదక్కా" అంటావేమో. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిళ్ళూ ఫొటోలూ కలిపే లెక్క. పైగా ఫోన్లో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అది ఉండనీ, కానీ దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ చెప్పిన లెక్క నాకు నచ్చింది: మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల్లో, ఒకటి ఇల్లు దాటి. నాకైతే ఆ చివరిదే ప్రాణం.

ఇంతకీ మా ప్రొద్దుటూరు చెల్లి సంగతి. డిస్కు పాడవక ముందే, ఉగాదికి వచ్చినప్పుడు నేను పోరు పెట్టి ఆమెచేత ఒక డిస్కు నిండా ఎక్కించి మా బీరువాలో పెట్టుకున్నాను. నాది ఆమె బీరువాలో ఉంది. కొత్త డిస్కు వేయించినాక ఉగాది దాకా ఉన్నదంతా తిరిగి వచ్చింది. ఆ తర్వాతి మూడు నెలలు పోయినాయి. చిన్నోడు బడిలో చేరిన రోజు వీడియో అందులోనే ఉండింది. దానికి ఇప్పటికీ బాధపడుతుంది. నేనేం సర్దిచెప్పలేదు, పోయిందానికి ఏం చెప్తాం?

మొన్న దసరాకు వచ్చి, కొత్తగా నింపిన తన డిస్కు నా చేతికిచ్చింది. మొలక చూద్దామా అన్నాను.

"చిన్నోడికి నాయన చెప్పిన నక్క కథ ఉంది సూడు, అది తెరువక్కా" అంది.

తెరుచుకుంది. చిన్నాయన దగ్గుతూ, మధ్యలో నీళ్ళు అడుగుతూ చెప్పిన కథ, ఇద్దరం చివరిదాకా విన్నాం. తర్వాత ఆమె డిస్కును బీరువా పై అరలో పెట్టి, నాదాన్ని గుడ్డసంచిలో చుట్టి ఇచ్చినాను. చంకకు తగిలించుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది.