బాణం గుర్తు లేని ఆట
(‘ఎల్డర్ స్క్రోల్స్’ మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు)

కాలేజీ సంచికలో వీడియో ఆటల మీద వ్యాసమేమిటని మన లెక్చరర్లు అడుగవచ్చును. నేను సంగారెడ్డి దగ్గరి రైతు బిడ్డను, బి.ఎస్సీ. విద్యార్థిని. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఈ ఆట వల్ల నాకొక మేలు, ఒక కీడు జరిగినవి. రెండూ దాచకుండా చెప్పి, కొత్తవారికి దారి చూపడమే నా ఉద్దేశం.

‘ఎల్డర్ స్క్రోల్స్’ అమెరికాలోని బెథెస్డా కంపెనీవారి ఆటల వరుస. 1994లో ‘అరీనా’, 1996లో ‘డాగర్‌ఫాల్’, 2002లో ‘మారోవిండ్’, 2006లో ‘ఒబ్లివియన్’, 2011లో ‘స్కైరిమ్’ వెలువడ్డాయి. అన్నీ టామ్రియెల్ అనే కల్పిత ఖండంలో జరిగేవే. కాని ఒక్కొక్క దానిది ఒక్కొక్క కథ. కనుక ముందువి ఆడకపోయినా నష్టం లేదు. ఇటే పోవాలి, ఇదే చేయాలి అనే నిర్బంధం వీటిలో లేదు. మన కాశీ మజిలీ కథల్లో మజిలీకొక కథ వచ్చినట్లు ఇక్కడ ఊరికొక కథ ఎదురవుతుంది.

ఏది ముందు ఆడాలి? డబ్బు పెట్టలేనివారి కోసం అరీనాను 2004లో, డాగర్‌ఫాల్‌ను 2009లో కంపెనీవారే ఉచితం చేశారు. అయితే డాగర్‌ఫాల్‌లో ఊళ్లు, గుహలు కలిపి 15,000కు పైమాటే. చాలావరకు కంప్యూటరు లెక్క కట్టి పుట్టించినవి. కొత్తవాడు మొదటి గుహలోనే తప్పిపోతాడు. స్కైరిమ్ అన్నిటికన్న సులువు. ఎటు పోవాలో గుర్తు చూపిస్తుంది. ఒబ్లివియన్‌లోనూ ఆ గుర్తు ఉంది గాని, మన స్థాయి పెరిగినకొద్దీ శత్రువుల బలమూ పెరుగుతుంది. నా ఓటు మాత్రం మారోవిండ్‌కే. పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది.

అందులో మీరు ఖైదీగా ఓడ దిగి, సేడా నీన్ అనే చిన్న రేవులో అడుగు పెడతారు. అక్కడ మీ జాతి, వృత్తి నిర్ణయించుకోవాలి. తొందరపడరాదు. ఏ ఆయుధం వాడదలచుకున్నారో ఆ విద్యను ముఖ్య విద్యల్లో పెట్టుకోవాలి. నేను గొడ్డలి విద్య ఎంచుకొని, దొరికింది గదా అని కత్తి పట్టుకొని, ఎలుక చేతిలో చచ్చాను!

కారణం లెక్కలో ఉంది. ఆయుధ విద్య, చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలపాలి. అలసట ఏమీ లేకపోతే ఆ మొత్తాన్ని 1.25తో, పూర్తిగా అలసిపోతే 0.75తో గుణించాలి. విద్య 10, చురుకుదనం 40, అదృష్టం 40 అనుకోండి. మొత్తం 22. అలసట లేకుంటే నూటికి 27.5 దెబ్బలు తగులుతాయి, అలసిపోతే 16.5 మాత్రమే. అదే విద్య 40 అయితే మొత్తం 52. నూటికి 65 తగులుతాయి. ఇందులోంచి శత్రువు తప్పించుకునే శక్తిని ఇంకా తీసివేయాలి. కాబట్టి పరుగెత్తి పోయి కొట్టకండి, నిలబడి ఊపిరి తీసుకొని కొట్టండి. ఏ విద్య అయినా వాడుతుంటే పెరుగుతుంది. నాగలి పట్టనిదే సాలు తిన్నగా రాదని మా ఇంట్లో అంటారు. ఇదీ అంతే.

ఇక అసలు సంగతి. మారోవిండ్‌లో బాణం గుర్తు లేదు. మనుషులు నోటితో దారి చెబుతారు, అదీ ఇంగ్లీషులో. మా పెద్దనాయిన “చెరువు కట్ట మీదికెళ్లి పో బిడ్డా, మైసమ్మ గుడి కాడ ఎడమ చేతికి మల్లు” అన్నట్టే అక్కడా వాగు, వంతెన, కోట చెప్పి పంపుతారు. చదువకపోతే పోలేం. డిక్షనరీ, నోటుబుక్కు పక్కన పెట్టుకొని ఒక్కొక్క వాక్యం రాసుకున్నాను.

ఒకచోట ఆర్క్‌న్‌థాండ్ అనే పాడుబడ్డ కట్టడానికి పంపారు. తలుపు తెరుచుకోదు. దగ్గర్లో గొట్టానికున్న క్రాంకు తిప్పాలని ముందే చెప్పారు. ఆ ఒక్క మాటకు డిక్షనరీ తీయలేదు. మా బావి కాడి పాత ఆయిల్ ఇంజనుకు క్రాంకు తిప్పిన చెయ్యి నాది. తలుపు తెరుచుకున్నప్పుడు గదిలో ఒక్కడినే ఉండి కూడా చప్పట్లు కొట్టాను. ఇంగ్లీషు ఎవరిదో సొత్తు కాదని ఆనాడు తెలిసింది. తరువాత ల్యాబ్ మాన్యువల్ కూడా అట్లనే, వాక్యం వెంట వాక్యం, చదవడం మొదలుపెట్టాను.

కీడు కూడా చెప్పాలి. మా అన్న పటాన్‌చెరు వైపు మందుల కంపెనీలో పని చేస్తాడు. ఆయన నైట్ షిఫ్టుకు పోతే ఆ గదిలో తెల్లవార్లూ ఆడేవాణ్ణి. మూడో సెమిస్టర్‌లో కెమిస్ట్రీ పేపరు పోయింది. అన్న తిట్టలేదు. షిఫ్టు దిగి వచ్చి, ఎర్రబడ్డ కళ్లతో నన్ను చూసి, “నాకు రాత్రి మేల్కొంటే జీతమిస్తరు. నీకేమిస్తరు రా?” అన్నాడు. జవాబు లేక తల దించుకున్నాను. ఆ కంప్యూటరు నాయిన పత్తి అమ్మిన పైసలతో కొన్నది.

అందుకే నా నియమాలు చెబుతున్నాను. ఆదివారం రెండు గంటలే. అలారం మోగగానే సేవ్ చేసి లేవాలి. పరీక్షల నెలలో అసలు ముట్టరాదు. దారులు మాత్రం తప్పక నోటుబుక్కులో రాయాలి.

పోయిన పేపరు మళ్లీ రాసి గట్టెక్కాను. నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక వైపు మారోవిండ్ దారులు, రెండో వైపు కెమిస్ట్రీ సమీకరణాలు. కావలసినవారు అడిగి తీసుకోండి. రెండు వైపులా చదవాలన్నదే నా షరతు.